పరిచయము, మైత్రి, అనిర్వేదము

గృహస్థుని జీవితములో ఒక ఘట్టము తప్పక వచ్చును. కుమారుడు చదువు ముగించి యింటికి వచ్చును. చేతిలో పట్టా యుండును, పని యుండదు. అప్పుడు తండ్రి తనకు తెలిసినవారెవరెవరని ఆలోచించుట మొదలుపెట్టును. పదియేండ్లుగా పలుకరింపని బంధువు గుర్తుకు వచ్చును. ఒకప్పుడు ఒకే వీధిలో కాపురమున్న పెద్దమనిషి యిప్పుడే హోదాలో నున్నాడో వాకబు చేయును. ప్రక్కనున్న ఇల్లాలు "ఇన్నాళ్ళు తలపనివారిని ఇప్పుడు అడుగుటకు మొగమెట్లు చెల్లును?" అనును. ఆమె మాట సామాన్యమైనదిగా తోచును గాని అందులో ఒక ధర్మసందేహమున్నది. అక్కరకొరకు చేసికొన్న పరిచయము మైత్రి యగునా? కానిచో అట్టి పరిచయమునకై గడప ఎక్కుట దోషము కాదా?

ఈ సందేహమునకు లోకములో రెండు సమాధానములు ప్రచారములో నున్నవి. ఆత్మగౌరవము కలవాడు ఒకరి గడప ఎక్కరాదు, యోగ్యత యున్నచో పని తానే వెదకికొని వచ్చునని కొందరందురు. పరిచయములు పెంచుకొనుట ఒక విద్య, ఎవరెప్పుడు పనికివత్తురో చెప్పలేము గనుక అందరిని మంచిచేసికొని యుండవలెనని మరికొందరందురు. ఈ రెండవ మార్గమునకు నేడు నెట్‌వర్కింగ్ అని పేరు పెట్టి, రుసుము తీసికొని నేర్పువారును కలరు. మొదటి మాట వినుటకు గంభీరముగా నుండును కాని అనుభవమునకు నిలువదు. తలుపు మూసిన గదిలోని దీపము వీధివారికి తెలియదు. రెండవ మాట అనుభవమునకు నిలుచునట్లే కనబడును. కాని మనుష్యుని నిచ్చెనమెట్టుగా చూచు చూపు అందులో నున్నది. ఎక్కినవాడు మెట్టును వెనుదిరిగి చూడడు.

ఇట్టి సందర్భములలో పెద్దలు కుచేలోపాఖ్యానమును చెప్పుచుందురు. కాని కుచేలునకు సాందీపని గురుకులమునాటి స్నేహమున్నది. అటుకుల మూట విప్పకముందే ద్వారకానాథుడు ఎదురేగి కౌగిలించుకొనెను; నోరు తెరచి అడుగవలసిన పనియే లేకపోయెను. పూర్వపరిచయమేదియు లేనివాడు, వాకిట నిలిచి "నీవెవరవు?" అని అడిగించుకొనువాడు ఏమి చేయవలెను? వానికి కిష్కింధాకాండ మెక్కువ ఉపకరించునని నా అభిప్రాయము.

పంపాతీరమున ధనుర్ధారులైన రామలక్ష్మణులను చూచి సుగ్రీవుడు భయపడెను. వాలి పంపినవారేమో యని శంకించి హనుమంతుని పంపెను. హనుమంతుడు భిక్షురూపమున వచ్చి మాటలాడి, వారి హృదయము నెరిగి, ఇరువురిని తన ప్రభువుకడకు కొనిపోయెను. అక్కడ ఏర్పడిన మైత్రికి మూలము అక్కరయే. ఒకరు భార్యను వెదకవలెను. మరొకరు పోయిన రాజ్యమును, భార్యను తిరిగి పొందవలెను. వాల్మీకి మహర్షి ఈ సంగతిని మరుగుపరుపలేదు. వారు అగ్నిసాక్షిగా చేయి కలిపి, ఒకరి కష్టము నొకరు విని, నీకు నేనిది చేసెదనని స్పష్టముగా చెప్పుకొనిరి. అక్కర యుండుటయే దోషమైనచో రామసుగ్రీవుల మైత్రి దోషయుక్తము కావలెను; అట్లని ఎవరును అనరు. ఆ మైత్రికి పరీక్ష వానకాలము గడచిన పిదప వచ్చెను. రాజ్యము దొరికిన సుగ్రీవుడు మాట మరచి సుఖములో మునిగెను. లక్ష్మణుడు మండిపడుచు కిష్కింధకు వచ్చెను. తార ఎదురువచ్చి మంచిమాటలతో శాంతపరచెను. మైత్రి తెగలేదు. కావున అక్కర యున్నదా లేదా యన్నది అసలు ప్రశ్న కాదు. అక్కర తీరిన పిదప, లేదా తీరకపోయిన పిదప, ఆ యిద్దరి నడుమ ఏమి మిగులునన్నది ప్రశ్న.

ఇతిహాసము వినునపుడు అది మహాత్ముల విషయమని తప్పించుకొనుట మనకలవాటు. అందుచే నూరేండ్లకు పైబడిన కాలములో మనవంటి గృహములో పుట్టిన ఒకరి సంగతిని కొంత వివరముగా చెప్పదలచితిని.

గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించెను. పెరిగినది కుంభకోణములో, శార్ఙ్గపాణిస్వామి సన్నిధివీధిలో. తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. ఇలవేల్పు నామక్కల్ క్షేత్రములోని నామగిరి తాయారు. 1904లో విద్యార్థివేతనముతో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో చేరెను. గణితము తప్ప మరియొకదానిపై మనసు నిలువక, ఇతర విషయములలో తప్పి, ఆ వేతనమును పోగొట్టుకొనెను. 1905లో ఇంటివారికి చెప్పకుండ విశాఖపట్టణమునకు వెళ్ళిపోయెను. తిరిగి వచ్చి, మరుసటి సంవత్సరము చెన్నపురి పచ్చయప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్షలో తప్పెను, 1907లో మరల కట్టి మరల తప్పెను. 1909లో వివాహమైనది. 1910 నాటికి ఆయన వయస్సు ఇరువదిరెండేండ్లు. పట్టా లేదు, పని లేదు. గణితసూత్రములతో నిండిన నోటుపుస్తకములు మాత్రమున్నవి.

ఆ యేట ఆయన ఎక్కిన గడపలలో ఒకటి తిరుక్కోవలూరులోనిది. 1907లో భారత గణితశాస్త్ర సంఘమునకు అంకురార్పణ చేసిన వి. రామస్వామి అయ్యరుగారు అక్కడ డిప్యూటీ కలెక్టరుగా నుండిరి. రామానుజన్ వారికి తన పుస్తకములు చూపి, వారి కచ్చేరీలో ఒక చిన్న గుమాస్తా పని యిప్పింపుమని కోరెను. అయ్యరుగారు పుస్తకములు చూచి ఆశ్చర్యపడిరి. కాని పని యియ్యలేదు. రెవిన్యూశాఖ అడుగుమెట్టుమీద కూర్చుండబెట్టి అట్టి ప్రతిభను అణచివేయుటకు తమకు మనసొప్పలేదని తరువాత వారే చెప్పిరి. పనికి బదులుగా చెన్నపురిలోని గణితజ్ఞులైన తమ మిత్రులకు పరిచయపత్రములు వ్రాసి యిచ్చి పంపిరి.

తిరుక్కోవలూరు పేరు వినగానే వైష్ణవులకు మరియొక సమావేశము స్ఫురించును. పొయ్‌గై, పూదత్తు, పేయాళ్వారులు ఒకరినొకరు ముందెరుగనివారు. ఒక వానరాత్రి మొదటివారు అక్కడి యొక ఇరుకైన నడవలో పడుకొనిరి. రెండవవారు వచ్చి తలుపు తట్టగా, ఒకడు పడుకొనుటకు చాలిన చోటు ఇద్దరు కూర్చుండుటకు చాలునని లేచి కూర్చుండిరి. మూడవవారు రాగా, ఇద్దరు కూర్చుండిన చోటు ముగ్గురు నిలుచుటకు చాలునని ముగ్గురును నిలుచుండిరి. ఆ చీకటిలో నాల్గవవాడొకడు నడుమ జొరబడి ఒత్తుచున్నట్లు తోచెననియు, ఆతడే త్రివిక్రమస్వామి యనియు గురుపరంపర చెప్పుచున్నది. డిప్యూటీ కలెక్టరు కచ్చేరీకి ఆ దివ్యకథను ముడిపెట్టుట సాహసమేమో. అయినను ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవానికై తన సుఖములో కొంత తగ్గించుకొని ఒదుగుట కంటె పరిచయమను మాటకు మంచి అర్థము నాకు దొరకలేదు.

ఆ పరిచయపత్రముల వరుస మన నెల్లూరుదాక వచ్చినది. కుంభకోణములో రామానుజన్‌ను ఎరిగిన అధ్యాపకులు పి.వి. శేషు అయ్యరుగారు ఆ కాలమున చెన్నపురిలో నుండిరి. నెల్లూరు కలెక్టరుగా నున్న ఆర్. రామచంద్రరావుగారిని చూడుమని వారు చెప్పి పంపిరి. రామచంద్రరావుగారు గణితాభిమానులు, గణితశాస్త్ర సంఘమునకు కార్యదర్శి. పొట్టిగా, లావుగా, గీసికొనని గడ్డముతో, చంకలో నలిగిన నోటుపుస్తకముతో వచ్చిన ఆ యువకుని గూర్చి వారు తరువాత వ్రాసియున్నారు. ఆ రూపములో వారి దృష్టిని పట్టి నిలిపినది కన్నుల మెరుపొక్కటే. చూపిన లెక్కలు మొదట వారికి బోధపడలేదు. అది నిజమైన విద్యయో వట్టి భ్రమయో తేల్చుకొనలేక మరల రమ్మనిరి. రామానుజన్ మరల వెళ్ళెను. తాను చూపినది ఎదుటివారి కందలేదని గ్రహించి, ఈసారి తేలికైన ఫలితములను ముందు చూపెను. అక్కడినుండి మెట్టుమెట్టుగా కఠినమైన వానివైపు తీసికొనిపోయెను. చివరకు రావుగారికి నమ్మకము కుదిరినది. నీకేమి కావలెనని అడిగిరి. పరిశోధన సాగించుకొనుటకు తగినంత కూడు గుడ్డ దొరకిన చాలునని రామానుజన్ చెప్పెను.

ఈ ఘట్టమును నేను పలుమార్లు తలచుకొందును. పెద్దవారొకరు తన పనిని చూచి అర్థము కాలేదనినచో, మనలో నూటికి తొంబదిమంది ఇంటికి వచ్చి వారిని నిందింతుము. లేదా మనలను మనమే నిందించుకొందుము. రామానుజన్ ఆ రెండును చేయలేదు. అర్థము కాకపోవుటను ఆయన అవమానముగా తీసికొనక, తాను పరిష్కరింపవలసిన మరియొక లెక్కగా తీసికొనెను. అక్కడికి ఆయన కొనిపోయినది నోటుపుస్తకము. తన్నుగూర్చి నిర్ణయించు పనిని దానికే విడిచెను. రావుగారును పత్రమును చూచి పని యిప్పింపలేదు, మనిషిని చూచి తిరస్కరింపలేదు. తమ కాలమును వెచ్చించి చూచిరి. కొంతకాలము నెలకు 25 రూపాయలు స్వంతముగా ఇచ్చిరి. విద్యార్థివేతనమునకై చేసిన ప్రయత్నము మాత్రము ఫలింపలేదు. ఊరక ఒకరికి భారమై యుండుట రామానుజన్ చిరకాలము సహింపలేకపోయెను. మరల పనికై వెదకెను.

1912 ఫిబ్రవరి 9వ తేదీన చెన్నపురి పోర్టు ట్రస్టునకు ఆయన వ్రాసికొన్న దరఖాస్తు నేటికిని చదువదగినది. మెట్రిక్యులేషను నెగ్గితిననియు, ఎఫ్.ఏ. వరకు చదివితిననియు, ప్రతికూల పరిస్థితులచే చదువు సాగలేదనియు, అయినను కాలమంతయు గణితమునకే వినియోగించుచుంటిననియు అందులో నున్నది. లేని పట్టాను కల్పించుకొనలేదు. కష్టములను ఏకరువు పెట్టి జాలి పుట్టింపనులేదు. శ్రీరామచంద్రుని శరణు జొచ్చిన విభీషణుడును ఇట్లే చేసెను. నలుగురు అనుచరులతో ఆకాశమున నిలిచి, తాను రావణుని తమ్ముడనని మొదటనే చెప్పెను. ఆ మాటవలన సుగ్రీవాదులకు అనుమానము కలుగునని ఆయనకు తెలియదా? తెలియును. నేటి యువకులు దరఖాస్తులలో తాము చేయని పనులను, తమకు రాని విద్యలను చేర్చుట చాతుర్యమనుకొనుచున్నారు. అట్లు పరిచయమైనది వారు కల్పించిన మరియొక మనిషి. ఆ కల్పితపురుషుని వేషమును జీవితాంతము ధరింపవలసినవారు వీరే.

మార్చి 1న నెలకు 30 రూపాయల జీతముపై పని దొరకినది. పై అధికారి యైన ఎస్. నారాయణ అయ్యరుగారు గణితము తెలిసినవారు. తిరువల్లిక్కేణిలోని వారింటి మేడమీద రాత్రులయందు ఇరువురును పలకలు ఒడిలో పెట్టుకొని లెక్కలు వేయుచుండెడివారు. రామానుజన్ ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు దుముకుచుండగా, నడుమ పది మెట్లైనను వ్రాసి తనబోటివారికి అర్థమగునట్లు చేయుమని అయ్యరుగారు పట్టుపట్టెడివారట. ఇతరులకు చూపవలసినచో అట్లు వ్రాయక తప్పదని వారి హితబోధ. పగలు వారు అధికారి, ఈయన గుమాస్తా. రాత్రి పలకముందు ఆ భేదము తారుమారగుచుండెను. అయినను ఆ గుమాస్తా యింటిలో చనువు చేసికొని కచ్చేరీలో చెల్లించుకొన్నట్లు ఎక్కడను వినరాదు. పోర్టు ట్రస్టు అధ్యక్షుడైన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగునకు రామానుజన్ సంగతి చెప్పి ఆసక్తి కలిగించినది ఈ అయ్యరుగారే. 1913 డిసెంబరులో సముద్రయానమునకు అమ్మవారి అనుజ్ఞ కోరి రామానుజన్ నామక్కల్ వెళ్ళినపుడు తోడువెళ్ళినదియు వారే.

ఇంగ్లండులోని పండితులకు వ్రాసిన ఉత్తరముల కథ లోకవిదితము; త్వరగా చెప్పెదను. లండనులోని హిల్ పండితుడు కాగితములు చూచి, శిష్యునిగా చేర్చుకొనలేదు గాని, అనంతశ్రేణుల విషయములో ఎక్కడ కాలు జారుచున్నదో తెలిపి, చదువవలసిన గ్రంథమును సూచించెను. కేంబ్రిడ్జిలోని మరి యిద్దరివలన ఫలము కలుగలేదు. 1913 జనవరి 16న హార్డీకి వ్రాసెను. హార్డీ, ఆయన మిత్రుడు లిటిల్‌వుడ్ ఆ కాగితములను ఒక రాత్రి పరిశీలించి, ఇవి వ్రాసినవాడు మహాగణితజ్ఞుడై యుండవలెనని నిశ్చయించుకొనిరి.

ఇక్కడ నాకు ముఖ్యముగా తోచునది ఆ తరువాతి ఉత్తరములు. హార్డీ నిరూపణములు పంపుమని కోరెను. రామానుజన్ ప్రత్యుత్తరమున ఆయనయందు తనకొక మిత్రుడు దొరకెనని సంతోషము తెలిపెను. దానిలోనే తన అక్కరను కూడ చెప్పెను. తాను అర్ధాకలితో నున్నవాడననియు, బుద్ధి పనిచేయుటకు అన్నము కావలెననియు, ఆయన యొక మంచిమాట వ్రాసినచో ఇక్కడ విద్యార్థివేతనము దొరకుననియు వ్రాసెను. మైత్రియు అక్కరయు ఒక కాగితముపై ప్రక్కప్రక్కన నున్నవి. ఒకదానికై మరియొకదానిని మరుగుపరచు ప్రయత్నము లేదు. ఇంతలో చిన్న అపోహ కలిగినది. తన పద్ధతులను ఇతరులు అపహరింతురని భయపడి రామానుజన్ నిరూపణములు పంపుటలేదేమో యని లిటిల్‌వుడ్ అనుమానించెను. ఆ మాట హార్డీ ఉత్తరమున వచ్చినది. ఏప్రిల్ 17న రామానుజన్ వ్రాసిన సమాధానములో నొప్పి కనబడును. ఎనిమిదేండ్లుగా తనయొద్ద నున్న పద్ధతిని గుర్తించినవారే లేరనియు, అట్టివానికి దొంగల భయమెక్కడిదనియు, తనయొద్ద నున్న కొద్దిపాటి విద్యను సంకోచము లేక ఆయన చేతిలో పెట్టుటకు సిద్ధమనియు దాని సారాంశము. కోపించి ఉత్తరప్రత్యుత్తరములు మానలేదు. నొప్పి కలుగనట్లు నటింపనులేదు. అనుమానమును పైకి తీసి, తన మనసు నెదుట పెట్టెను. మన స్నేహములు పెక్కు అట్టి చోటనే, ఎవరును ఏమియు అనకుండ, చప్పుడు లేక చచ్చిపోవుచున్నవి.

ఇన్ని గడపలు ఎక్కి దిగినవాడు మరల మరియొక గడప ఎక్కుటకు కావలసిన బలమేది? మనము పట్టుదల యందుము. సుందరకాండములో వాల్మీకి వాడిన మాట అనిర్వేదము. నిర్వేదమనగా విసిగి వేసారుట, ఇక నావల్ల కాదను భావము. అది లేకుండుట అనిర్వేదము. ఈ మాటను వ్యాఖ్యానించువారు హనుమంతునకు నిర్వేదమే కలుగనట్లు చెప్పుదురు. మూలములో అట్లు లేదు. లంకనంతయు గాలించి సీతామాతను కానక ఆయన కుంగిపోయెను. అనిర్వేదమే కార్యసిద్ధికి మూలమని తనకు తాను చెప్పుకొని లేచి మరల వెదకెను. మరల కనబడలేదు. మరల, ముందుకంటె లోతుగా, నిరాశలో పడి తిరిగి వెళ్ళుట మాని ప్రాణము విడుతుననువరకు పోయెను. అప్పుడు ఆవలి ఒడ్డున నున్నవారు ఒక్కొక్కరే మనసులో మెదలిరి. తాను రిక్తహస్తములతో పోయినచో రాముడేమగును, లక్ష్మణుడేమగును, సుగ్రీవుడేమగును అని వరుసగా తలచుకొనెను. అప్పుడే ఇంకను వెదకని వనమొకటి కంటబడెను. అదియే అశోకవనము.

అంతకుముందు దక్షిణసముద్రతీరమున జరిగినదియు నిట్టిదే. గడువు దాటిపోగా అంగదాదులు ప్రాయోపవేశమునకు కూర్చుండిరి. ఆ నిరాశలో వారు జటాయువును, రామకార్యమునకై ఆతడు ప్రాణమర్పించిన విధమును తలచుకొని మాటలాడుకొనిరి. అది కొండమీద నున్న సంపాతి చెవిని పడెను. వీరందరును తన కాహారమైరని సంతోషించుచున్న ఆ వృద్ధపక్షి తమ్ముని పేరు విని చలించి, లంకకు దారి చెప్పినది. పనికివచ్చువారెవరో ముందే లెక్కవేసికొని వారిని చేరదీయువాడు సంపాతిని ఎన్నడును లెక్కలో వేసికొనడు.

రామానుజన్ విషయములోను నిర్వేదము 1905 నాటి విశాఖపట్టణ ప్రయాణముతో ముగియలేదు. 1914 మార్చిలో ఇంగ్లండునకు ఓడ ఎక్కెను. కొలది నెలలలో మహాయుద్ధము వచ్చినది. శాకాహారము కష్టమైనది. 1917లో వ్యాధిగ్రస్తుడై వైద్యశాలల పాలయ్యెను. 1918 తొలి మాసములలో లండనులో రైలుపట్టాలపై పడి ప్రాణము తీసికొనబోయెననియు, రైలు ఆగుటచే బ్రదికెననియు, హార్డీ వచ్చి పోలీసులతో మాటలాడి విడిపించెననియు ఆయన చరిత్రకారులు వ్రాసిరి. ఈ సంగతిని దాచి ఆయన మనోధైర్యమును మాత్రమే కీర్తించువారు కలరు. దాచుటవలన మేలు లేదు. అట్టి దశలో నున్న యువకుడొకడు మన యింటనే యుండవచ్చును. మహాపురుషులు ఎన్నడును కుంగరని అతనికి చెప్పినచో అతడు తన్ను తాను మరింత హీనునిగా భావించును. అనిర్వేదమును మనము ఒక్కొక్కని గుండెబలముగా లెక్కించుచున్నాము. హనుమంతునకు ఆవలి ఒడ్డునుండి వచ్చినది. రామానుజన్‌కు ఆ దినమున హార్డీ రూపమున వచ్చినది. ఆ మే నెలలో రాయల్ సొసైటీవారు, అక్టోబరులో ట్రినిటీ కళాశాలవారు ఆయనను ఫెలోగా ఎన్నుకొనిరి. వానికై పాటుపడినవారిలో హార్డీ ముఖ్యుడు.

అయినను హార్డీ స్నేహమునకు ఒక హద్దున్నదని చెప్పక తప్పదు. నిత్యము క్రొత్త సిద్ధాంతములతో వచ్చుచున్న మనిషిని పాత సంగతులు, అతడేమి చదివెనో ఎట్లు కనుగొనెనో అడుగుట వింతగా తోచి అడుగలేదని ఆయనయే తరువాత ఒప్పుకొనెను. పనిని ప్రేమించుటలో వారిరువురికి సాటి లేదు. కాని అన్నము తింటివా యని అడుగునది వేరొక స్నేహము. ఉద్యోగములో ఏర్పడిన మంచి స్నేహములుకూడ పెక్కు ఈ హద్దువద్ద ఆగిపోవును. తిరువల్లిక్కేణి మేడమీది స్నేహము దానిని దాటినట్లు నాకు తోచుచున్నది.

ఇంతవరకు గడప ఎక్కువాని గూర్చి చెప్పితిని. గడప లోపల కూర్చున్నవాని ధర్మమేమి? మనలో పెక్కుమంది యౌవనములో కొన్ని యేండ్లు మొదటి స్థానములో నుండి, తక్కిన ఆయుష్షంతయు రెండవ స్థానములో గడపుదురు. కాని గ్రంథములును ఉపన్యాసములును మొదటివానికే బోధించుచున్నవి. మన సంప్రదాయమున పురుషకారమను గొప్ప భావమున్నది. దోషములు కల జీవుని పక్షమున తాయారు స్వామితో మాటలాడును. ఆచార్యుడు తన మాట నొడ్డి శిష్యుని నిలుపును. మధ్యవర్తికి అందులో స్వలాభము లేదు. లోకములోని సిఫారసునకును దీనికిని పేరులోనే పోలిక. సిఫారసు చేయువాడు తన పలుకుబడి నెంతవరకు చెల్లునో చూచుకొనును. వచ్చినవాని పుస్తకము విప్పడు. రామస్వామి అయ్యరుగారు అడిగిన పనిని లేదనిరి. హిల్ పండితుడు తప్పులు చూపెను. ఇద్దరును లేదన్నవారే. అయినను వారు చదివి లేదనిరి. లేదన్న పిదప మరియొక దారి చూపిరి. ఇట్లు లేదనుట ఔననుటకంటె ఎక్కువ కాలము తీసికొనును. అందుచేతనే అరుదు.

వచ్చినవారందరును రామానుజన్‌లు కారు గదా యని కొందరందురు. నిజమే. నెల్లూరులో తన యెదుట నిలిచినవాడు రామానుజన్ అని రామచంద్రరావుగారికి మాత్రము తెలియునా? గడ్డము గీసికొనని యువకుడొకడు అర్థము కాని కాగితములతో వచ్చెను. వారికున్న పనులు కలెక్టరు పనులు. మరల రమ్మనిరి, అతడు మరల వచ్చినపుడు మరల చూచిరి. సామాన్యుడే వచ్చియున్నను వారికి పోయెడిది కొన్ని గంటల కాలము. ఆ సామాన్యుడు తన పనిని ఒకరు శ్రద్ధగా చూచిరన్న తృప్తితో ఇంటికి పోయియుండెడివాడు.

రామానుజన్ 1919 మార్చిలో స్వదేశము చేరెను. 1920 ఏప్రిల్ 26న చెన్నపురిలో పరమపదించెను, వయస్సు ముప్పదిరెండేండ్లు. ఓడ ఎక్కి తిరిగి వచ్చుటకు రెండు నెలలముందు, 1919 జనవరి 11న, ఇంగ్లండునుండి మద్రాసు విశ్వవిద్యాలయ రిజిస్ట్రారునకు ఒక ఉత్తరము వ్రాసెను. విశ్వవిద్యాలయమువారు ఆయనకు ఏటా 250 పౌనుల వేతనము మంజూరు చేసియుండిరి. ఆ సొమ్ము తనకు కావలసినదానికంటె ఎక్కువ యనియు, తలిదండ్రులకు ఏటా 50 పౌనులిచ్చి, తన అవసరములు తీరగా మిగిలిన దానిని బీదపిల్లలకును అనాథలకును బడిజీతము తగ్గించుటకు, బడులకు పుస్తకములు సమకూర్చుటకు వినియోగింపవలెననియు అందులో కోరెను.